పన్నెండు మునకలు

నిజాంపేట,
జూన్ 8.

మహారాజశ్రీ సంయుక్త గారి సముఖమునకు,

కొత్తగూడ దవాఖాన మూడో అంతస్తు ప్రొసీజర్ గది టెక్నీషియన్, బి.ఎస్సీ. పట్టభద్రుడు, అవివాహితుడు అయిన ఓంకార్ రెండు చేతులూ జోడించి చేసుకునే క్షమాపణ ఏమనగా:

ఈ ఉత్తరంలో ఇకమీద రాబోయే ప్రతి అక్షరానికీ నన్ను మన్నించాలి. నువ్వు కర్నూలు బస్సెక్కిన రోజున కొత్తగూడ కూడలిలో ముప్పావుగంట సేపు ఒక్క బండీ కదలలేదు. ఆ నేరం నాదే. ఆ సాయంత్రం కురిసిన వానా నాదే. నిజాంపేటకు మెట్రో రాకపోవడం, మా హాస్టల్ సాంబారులో ములక్కాడ కంటికి కనిపించకపోవడం, లిఫ్టు ఎప్పుడు చూసినా ఆరో అంతస్తులోనే ఉండడం, వీటన్నిటికీ పూర్తి బాధ్యత వహిస్తూ తలవంచి నిలబడ్డాను. ఇంత వినయం నాలో ఉందని ఇవాళే తెలిసింది.

ఉత్తరాల శిక్ష మొదలైంది. బస్టాండులో నువ్వన్న మాట మరిచిపోలేదు. "ఫోన్లో నువ్వు నవ్విస్తావ్, నేను నవ్వేస్తా, అడగాల్సింది అట్లే ఉండిపోతాది. కాగితం మీద రాయి, అప్పుడు చూద్దాం" అన్నావు. సరే అని హైటెక్ సిటీలో పోస్టాఫీసు ఎక్కడని ముగ్గుర్ని అడిగాను. మొదటివాడు యాప్ పేరు చెప్పమన్నాడు. రెండోవాడు మెడలో ఐడీ కార్డు తిప్పుకుంటూ "పికప్ అయితే గేట్ నంబర్ టూ, బ్రో" అన్నాడు. మూడో ఆయన సెక్యూరిటీ తాత. నా భుజం మీద చెయ్యి వేసి "ఉత్తరం రాసేటంత పరేషాన్ ఏమొచ్చింది బిడ్డా?" అన్నాడు. మనిషి కర్నూలు పోయింది తాతా అన్నాను. "గంతేనా. కర్నూలుకు బస్సులున్నయ్ గద. ఇగ వస్తది తియ్" అన్నాడు. ఆయన నోటి చలవ.

ఇక్కడి సంగతులు. ఓబులేసు గారు తెల్లాపూర్‌లో కొడుకు ఫ్లాటులో కోలుకుంటున్నారు. బయాప్సీ అయిన మూడో రోజు చలిజ్వరంతో వచ్చి, రక్తంలో క్రిములు పాకి, తొమ్మిది రోజులు ఐసీయూలో ఉన్న మనిషి ఇప్పుడు గేటు దాకా నడుస్తున్నారట. నీ పన్నెండు మునకలు మాత్రం నడవడం లేదు. దవాఖాన విచారణ కమిటీ వాళ్ళు సెప్టెంబరు దాకా ఆపమని గోడకు కాగితం అంటించారు. ప్రోస్టేట్ గ్రంథిలోంచి పన్నెండు ముక్కలు తీయడానికి ఒకే సూది మలమార్గం గోడ దాటుకుని పన్నెండుసార్లు లోపలికి పోతుందని, పోయిన ప్రతిసారీ అక్కడి క్రిముల్ని వెంటపెట్టుకుపోతుందని, అందుకే బయటికొచ్చిన ప్రతిసారీ దాన్ని క్రిముల్ని చంపే ఫార్మలిన్ కప్పులో ముంచి, తుడిచి, ఆ తర్వాతే డాక్టరు చేతికివ్వాలని నువ్వు మాకు ఎంత ఓపికగా నేర్పావో గుర్తొస్తోంది. మన గది తుడిచే బుచ్చమ్మ దానికి పుష్కరస్నానం అని పేరు పెట్టింది. ఇప్పుడు మన సూదికి స్నానం లేదు. యాంటీబయాటిక్ ఒక్కటే దిక్కు.

ముంచినా జ్వరం వచ్చింది గనక ముంచడమే వ్యర్థం, నేర్పిన మనిషి కర్నూలు బ్రాంచికి పోవాలి అని తేల్చారు. నేర్పిన మనిషి పోయింది. పదింటికి చాయ్ వచ్చినప్పుడు నా నోరు దానంతటదే రెండు అంటోంది. దానికి నేను బాధ్యుణ్ణి కాదు.

ఇట్లు,
విధేయుడు ఓంకార్

కర్నూలు,
జూన్ 19.

ఓంకార్‌కి,

నీ ఉత్తరాన్ని పోస్టుమాన్ అమ్మ చేతికిచ్చాడు. కవరు మీద మహారాజశ్రీ అని చూసి, కోర్టు నోటీసేమో అనుకుని అమ్మ పక్కింటాయన చేత చదివించబోయింది. సమయానికి నేను వచ్చాను. ఇకమీద కవరు మీద పేరు మాత్రం రాయి.

ఇక్కడ నా పని సాగుతోంది. డాక్టర్ ప్రియదర్శిని గారు నేను చెప్పిందంతా విన్నారు. "మీ హైదరాబాద్ సంగతి నాకు తెలుసమ్మా. అయినా చేద్దాం. కప్పు మాత్రం మీరే పట్టుకోండి" అన్నారు. పట్టుకుంటున్నాను. ఫార్మలిన్ ఘాటుకు కళ్ళు మండుతాయి. ఇప్పటికి పదకొండు మంది అయ్యారు. ఎవరికీ జ్వరం రాలేదు. ఇంటికి పోయాక కూడా వారం రోజులు అందరికీ నేనే ఫోన్ చేస్తున్నాను. ఆదోని ఆయన భార్యకు విసుగొచ్చింది. "ఏమ్మా, మా ఆయప్పకు జరం రాలేదని నీకేమన్నా బాధగా ఉందా? దినామూ అడగతావే" అంది.

ఇప్పుడు అసలు సంగతి. ఓబులేసు గారి తనిఖీ కాగితం నకలు నా దగ్గరుంది. నేను గీసిచ్చిన పన్నెండు గళ్ళు, పన్నెండు టిక్కులు, కింద నీ సంతకం. కాబట్టి ముంచావా అని అడగడం లేదు. ఎలా ముంచావు అని అడుగుతున్నాను. ఎంతసేపు ఉంచావు? మొన ఒక్కటే మునిగిందా, ముక్క పట్టే గంటు కూడా మునిగిందా? ఆ ఫార్మలిన్ ఎప్పుడు పోసింది? నా పద్ధతిలో చిల్లు ఎక్కడుందో నాకు తెలియాలి. తెలియకుండా రోజూ ఈ కప్పు పట్టుకుని నిలబడడం నా వల్ల కావడం లేదు.

డ్యూటీ దిగాక తుంగభద్ర వైపు కాసేపు నడుస్తాను. నీళ్ళు ఇంకా రాలేదు, ఇసుకే. పక్కన ఎవరైనా పిచ్చిమాటలు మాట్లాడుతూ నడిస్తే బాగుండుననిపిస్తుంది. ఎవరైనా అని రాశాను. సరే.

రెండో చాయ్ ఎవరు తాగుతున్నారో రాయలేదు.

సంయుక్త

కొత్తగూడ,
జూలై 2.

పూజ్యులైన పరీక్షాధికారిణి గారికి,

తమరు పంపిన ప్రశ్నపత్రం అందినది. ప్రశ్నలన్నీ సిలబస్‌లోనివే. ఇంటర్‌లో కూడా నాకు ఇంత సులువైన పేపరు రాలేదు. ఎంతసేపు అంటే, నేనెప్పుడూ ఐదు అంకెలు లెక్కపెడతాను, నువ్వు నేర్పినట్టే. గంటు మునగాలి, అదీ నువ్వు నేర్పినట్టే. మిగతాదానికి అభ్యర్థి అదనపు కాగితం అడగగా, ఇన్విజిలేటర్ నిద్రపోతున్నందున ఇవ్వలేదు.

రెండో చాయ్ కూడా నేనే తాగుతున్నాను. బుచ్చమ్మ చూస్తూనే ఉంది. నిన్న తుడుపు కర్ర గోడకానించి అడిగింది.

"ఏంది బిడ్డా, గిట్ల రెండేసి తాగుతున్నవ్. ఆమె వంతు గూడ నువ్వే మోస్తున్నవా?"

"చల్లారిపోతది కదా బుచ్చమ్మా."

"చల్లారేది చాయ్ కాదు. జర పోయి పిల్లను తోలుకొని రా."

ఈవిడకు బి.ఎస్సీ. లేదు గానీ ఉంటే మనందరి ఉద్యోగాలూ పోయేవి.

సోమవారం ఓబులేసు గారు చెకప్‌కు వచ్చారు. మనిషి సగమయ్యారు, చొక్కా హ్యాంగరుకు తగిలించినట్టుంది. ఎంతమంది ఉన్నా నన్నే వెతుక్కుంటూ మూడో అంతస్తు దాకా వచ్చారు.

"ఏం నాయనా, బాగుండావా?" అన్నారు. నేను అడగాల్సిన ప్రశ్న ఆయన అడిగారు.

"మీరెలా ఉన్నారు పెద్దాయనా?"

"ముక్కల్లో క్యాన్సర్ ఏం లేదంట నాయనా. లేని రోగం కోసరం వచ్చి ఉండే ప్రాణం పోగొట్టుకుంటాంటి" అని నవ్వారు. నవ్వితే ఆయాసం వచ్చింది. కుర్చీ వేశాను. "ఆ పాప యాడికి పాయ? ఐసీయూలో నా చెయ్యి పట్టుకోని కూర్చుంటాండె."

"కర్నూలు పంపించారు."

"మా సీమకే పాయనా. నా జరం వల్లనే పంపించిరంట, నిజమేనా?"

"మీ వల్ల కాదు" అన్నాను. ఈ మధ్య నేను చెప్పిన నిజాల్లో అదొకటి.

ఆయన సంచిలోంచి గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు తీసి నా చేతిలో పెట్టారు. "నువ్వు పన్నెండుమార్లు సూది ముంచినావంట గదా. పాప చెప్పింది. అదీ లేకుంటే నేను ఆ పొద్దే పోయిందును. తిను నాయనా."

రొట్టెలు చాలా బాగున్నాయి. బుచ్చమ్మ తిని చెప్పింది.

నువ్వు నడిచే ఇసుకలో నా వంతు ఇసుక కొంచెం మిగిల్చి ఉంచు.

ఓంకార్

కర్నూలు,
జూలై 16.

ఓంకార్,

నీ ఉత్తరంలో జోకులు లెక్కపెట్టాను. తొమ్మిది ఉన్నాయి. జవాబు ఒక్కటీ లేదు. ఎప్పుడూ ఏం చేస్తావో రాశావు. ఆ రోజు ఏం చేశావో రాయలేదు. మరిచిపోయి ఉంటావు. నెలలు గడిచాయి, రోజుకు నాలుగు కేసులు, అన్నీ ఎలా గుర్తుంటాయి. తప్పు పట్టడం లేదు.

ఇక్కడ ముప్ఫై ఒక్క మంది అయ్యారు. ఎవరికీ ఏమీ కాలేదు. సంతోషించాలి కదా. ప్రియదర్శిని గారు నిన్న లడ్డు పంచారు. నాది కాగితంలో చుట్టి సంచిలో వేసుకున్నాను. ముప్ఫై ఒక్క మందికి పనిచేసింది ఓబులేసు గారికొక్కరికే ఎందుకు పనిచేయలేదు? ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. ఎక్కడెక్కడివో వ్యాసాలు చదివి తెచ్చి, మీ అందరి వెంటపడి చేయించాను. ఇన్నాళ్ళూ ముంచారు, ముంచినా ఒక మనిషి చావు దాకా పోయి వచ్చాడు. నాకేమో సూదిని నమ్మాలో, కప్పును నమ్మాలో, నన్ను నమ్మాలో తెలియడం లేదు. నమ్మగలిగింది నీ సంతకం ఒక్కటే కనిపిస్తోంది.

ఇక్కడ నన్ను నవ్వించేవాళ్ళు లేరు. మొదట్లో హాయిగా ఉండింది. ఇప్పుడు, మొన్న మెడికల్ షాపులో ఎవరో నీలాగే గొంతు సవరించుకుంటే వెనక్కి తిరిగి చూశాను. డెబ్భై ఏళ్ళ ముసలాయన.

నదిలోకి నీళ్ళు వచ్చాయి. నీ ఇసుక కొట్టుకుపోయింది.

సంయుక్త

నిజాంపేట,
ఆగస్టు 1.

సంయుక్తకు,

ఇవాళ ఆదివారం కాదు, సెలవు పెట్టాను. హాస్టల్లో అందరూ ఇంటర్వ్యూలకు పోయారు. ఒక్కణ్ణే కూర్చుని ఇది మూడోసారి మొదలుపెట్టడం.

నువ్వు వెళ్ళాక గదిలో కప్పు తీసేశారు. అయినా డాక్టర్ శివశంకర్ గారు ముక్క తీసి సూది నా చేతికిచ్చిన ప్రతిసారీ, నా చెయ్యి కప్పు ఉండే చోటికే పోతోంది. అక్కడ ఉత్త ట్రే ఉంటుంది. ముక్కను సీసాలో వేసి, సూదిని అట్లాగే తిరిగిస్తాను. ఒకసారి డాక్టరు గారు "ఏంటి ఓంకార్, ఏం వెతుకుతున్నావు?" అన్నారు. ఏం లేదు సార్ అన్నాను. నిన్ను వెతుకుతున్నాను అంటే యూరాలజీలో ఆ విభాగం లేదంటారు.

కిటికీలోంచి ఫ్లైఓవర్ కనిపిస్తుంది కదా, నువ్వు చాయ్ పట్టుకుని నిలబడేదానివి. "ఇన్ని బండ్లు పోతున్నాయి, ఒక్కదానికీ మన గురించి తెలీదు చూడు" అన్నావొకసారి. నేను అప్పుడు ఏదో వెటకారం ఆడాను. ఏమన్నానో గుర్తులేదు. ఏమీ అనకుండా నీ పక్కన నిలబడి ఉండాల్సింది. ఇప్పుడు రోజూ నిలబడుతున్నాను.

ఇక్కడ రెండు పంక్తులు కొట్టేశాను. వెలుతురుకు పట్టి చూస్తావని తెలుసు గనక మళ్ళీ అడ్డంగా కొట్టేశాను.

బుచ్చమ్మ ఒక మాట అడగమంది. ఆ రోజు గదిలో ఏదైనా పొరపాటు జరిగిందనుకో. పద్ధతిలో కాదు, మనిషి చేతిలో. ఆ మనిషిని నువ్వేం చేస్తావని అడగమంది. ఆవిడకు ఊరికే తెలుసుకోవాలని ఉందట. చదువుకోని మనిషి కదా, సందేహాలెక్కువ.

ఓంకార్

కర్నూలు,
ఆగస్టు 12.

ఓంకార్,

బుచ్చమ్మకు చెప్పు: పొరపాటు చేసిన మనిషిని ఏమీ చేయను. పొరపాట్లు నేనూ చేశాను. ముందు పేషెంట్ దగ్గరికి పరుగెత్తుతాను, ఆ తర్వాత ఆ మనిషితో కూర్చుని ఇంకోసారి జరగకుండా ఏం చేయాలో చూస్తాను. చెప్పకుండా దాచుకున్న మనిషి సంగతి వేరు. అతనితో ఏం చేయాలో నాకు తెలియదు.

అయినా అలాంటిదేదీ జరగలేదు. కాగితం నా ముందే ఉంది.

ఇప్పుడు నా సంగతి. హైదరాబాద్ నుంచి మేనేజ్‌మెంట్ వాళ్ళ ఉత్తరం వచ్చింది. సూదిని ముంచే పద్ధతి విఫలమైందని, తగిన ఆధారం లేకుండా నేను దాన్ని ప్రవేశపెట్టానని రాసి సంతకం పెడితే సెప్టెంబరు రెండు నుంచి కొత్తగూడకు తిరిగి రావచ్చట. వార్డు నర్సుగా. ఇరవై అయిదో తేదీలోపు అందాలి. అది అందాక కమిటీ ముంచడాన్ని అన్ని బ్రాంచీల్లోనూ శాశ్వతంగా తీసేస్తుంది. ప్రియదర్శిని గారి దగ్గర కూడా ఆగిపోతుంది. ఆమె, "మన దగ్గర నలభై ఆరు మంది బాగున్నారమ్మా. కానీ అక్కడ పన్నెండుసార్లూ ముంచినా అట్లా అయిందంటే నేను ఎవరికీ జవాబు చెప్పలేను" అన్నారు.

నేనూ చెప్పలేను. అందుకే పెడదామనుకుంటున్నాను.

అది ఒక్కటే కారణమని రాస్తే అబద్ధం అవుతుంది. నాకు రావాలని ఉంది. ఈ రెండు నెలల్లో నేను కప్పు పట్టుకున్న ప్రతి పొద్దూ అవతలి చెయ్యి నీది కాదే అనుకున్నాను. నీ ఉత్తరాలు తలగడ కింద పెట్టుకునేంత పిచ్చిదాన్ని కాదు, అల్మారాలో చీరల కింద పెట్టాను. ఓంకార్ ఉన్న ఊరికి రావాలని ఉంది. ఇంతవరకు ఇది రాయలేదు కదా. ఇదిగో రాశాను.

అమ్మతో కూడా చెప్పాను. కమలమ్మ గారి జవాబు యథాతథంగా: "ఆ నవ్వులాటల పిల్లోడేనా? నవ్వించేది బాగానే ఉంటాది. నిజం ఎప్పుడు చెప్తాడే వాడు?" చెప్తాడమ్మా అన్నాను.

వెంటనే రాయి. పెట్టమంటావా?

సంయుక్త

కొత్తగూడ,
ఆగస్టు 16.

సంయుక్తా,

పెట్టు. పెట్టి వచ్చెయ్. కాగితం మీద ఏముంటే ఏముంది, నాలుగు రోజులు పోతే ఎవరూ చదవరు. రెండో తారీఖు పొద్దున్నే ఎంజీబీఎస్‌లో కర్నూలు బస్సులు ఆగేచోట నిలబడి ఉంటాను. ఆకుపచ్చ చొక్కా. మీ అమ్మగారికి నమస్కారాలు, నవ్వులాటలు తగ్గించానని చెప్పు.

రా.

ఓంకార్

కొత్తగూడ,
ఆగస్టు 21.

సంయుక్తా,

కిందటి ఉత్తరం చించెయ్. సంతకం పెట్టకు. పెట్టి ఉంటే వెనక్కి తీసుకో. ఎందుకో ఈ ఉత్తరం చివర్లో రాస్తాను. ముందే రాస్తే మిగతాది నువ్వు చదవవు, నాకేమో నువ్వు ఇంకొంచెంసేపు నా మాట వింటూ ఉండాలని ఉంది. ఇది పోస్టులో వేయడం లేదు. కర్నూలు బస్సు పార్సిల్లో పంపుతున్నాను, రేపటికి నీ చేతిలో ఉంటుంది. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేస్తే నవ్విస్తాను. అందుకే.

నిన్న పోచయ్య అని ఒకాయన బయాప్సీకి వచ్చారు. తెల్లాపూర్ పాత ఊరివాళ్ళు, ఇప్పుడు ఓబులేసు గారి పక్క బ్లాకు. పొద్దున వాకింగ్‌లో ఇద్దరికీ స్నేహమట. బల్ల మీద పక్కకు తిరిగి పడుకుని, మోకాళ్ళు కడుపులోకి లాక్కుని, నన్ను చూసి అడిగారు.

"సూదిని ముంచి ముంచి ఇచ్చే పిలగాడివి నువ్వేనా?"

"ఎవరు చెప్పారు తాతా?"

"ఓబులేసు చెప్పిండు. నాకు సూది అంటే భయం బిడ్డా, వద్దన్న. గా పిలగాడు ఉన్నడు, ఫికర్ చెయ్యకు, పన్నెండుసార్లు ముంచుతడు, పో అన్నడు. నీ పేరు జెప్పి పంపిండు. ముంచుతవ్ గద?"

డాక్టర్ శివశంకర్ గారు గ్లవ్స్ వేసుకుంటున్నారు. నేను ఒక్క నిమిషం సార్ అని బయటికి వచ్చాను. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి, స్టోరులో ఫార్మలిన్ డబ్బా తీసుకుని, పైకొచ్చి, కప్పు కడిగి నింపి ట్రే మీద పెట్టాను. అంతా కలిపి ఆరు నిమిషాలు. గడియారం చూశాను గనక చెబుతున్నాను. ఆరు నిమిషాల పని.

డాక్టరు గారు కప్పు చూశారు. "ఏంటయ్యా ఇది? కమిటీ ఆపేసింది కదా."

"ఆపింది సార్. ఇవాళ నేను ఆపలేను. తర్వాత నన్ను ఏమన్నా చేయండి. ఈ పన్నెండూ కానివ్వండి."

ఆయన నా మొహం వైపు చూసి ఏమనుకున్నారో, "కానీయ్" అన్నారు. మొదటి ముక్క. ముంచాను, ఐదు లెక్కపెట్టాను, తుడిచి ఇచ్చాను. రెండోది. మూడోది. పోచయ్య గారు బల్ల మీంచి నాతోపాటు బయటికే లెక్కపెట్టారు. ఆరో ముక్కకు "ముంచినవా?" అని కూడా అడిగారు. ముంచిన తాతా అన్నాను. నా జన్మలో ఇంత సూటిగా ఎవరికీ జవాబు చెప్పలేదు.

అయ్యాక కారిడార్‌లో డాక్టరు గారికి చెప్పేశాను. ఆయన పొడి చేతుల్నే మళ్ళీ తుడుచుకున్నారు. "అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నారు. ఆ తర్వాత ఆయనే "నేనూ కప్పు వైపు చూడలేదు" అన్నారు. ఈ పొద్దున రాతపూర్వకంగా సూపరింటెండెంట్ గారికిచ్చాను. దాని నకలు ఇందులో పెట్టాను, ప్రియదర్శిని గారికి చూపించు. రేపటి నుంచి నన్ను రావొద్దన్నారు. బుచ్చమ్మ నా సంచి గేటు దాకా మోసింది. సాయంత్రం తెల్లాపూర్ వెళ్తాను. ఓబులేసు గారికి నా నోటితోనే చెప్పాలి.

నువ్వు వస్తావని అయిదు రోజులు బతికాను. రోజూ పొద్దున లేవగానే ఇంకెన్నాళ్ళు అని వేళ్ళు మడిచాను. నేను నోరు మూసుకుని ఉంటే చాలు, నువ్వు బస్సు దిగేదానివి. అంత సులువు. నువ్వు దిగి, నీ నలభై ఆరు మందిని నువ్వే నమ్మకుండా, వార్డులో తల దించుకుని తిరుగుతుంటే, పక్కన నేను జోకులు వేస్తూ ఉండేవాణ్ణి. నువ్వు నవ్వేదానివి కూడా.

నీ పద్ధతిలో చిల్లు లేదు. ఇక విను.

గ్లవ్స్ వేసుకున్నాక కలం ముట్టుకోకూడదు కదా. ముంచిన ప్రతిసారీ టిక్కు ఎవరు పెట్టాలి? నువ్వు గీసిచ్చిన కాగితంలో నువ్వు ఆలోచించనిది అదొక్కటే. నీకు చెబితే ఇంకో మనిషిని పెట్టించేదానివి. నేను చెప్పలేదు. రోజూ తొమ్మిదింటికే, మొదటి కేసు రాకముందే, ఆ రోజు కేసులన్నిటి కాగితాలూ వరసగా పేర్చుకుని, అన్ని గళ్ళకూ టిక్కులు పెట్టి, కింద సంతకాలు చేసేసేవాణ్ణి. ఎలాగూ ముంచుతాను కదా అనుకున్నాను. ముంచేవాణ్ణి కూడా. ఆ రోజు దాకా.

ఓబులేసు గారిది ఆ రోజు నాలుగో కేసు. మూడో కేసు అయ్యాక కప్పు పారబోశాను. మళ్ళీ నింపబోతే డబ్బాలో చుక్క లేదు. కొత్త డబ్బా కింద స్టోరులో ఉంది. డాక్టరు గారు సిద్ధంగా నిలబడ్డారు, ఓబులేసు గారు అప్పటికే బల్ల మీద ఉన్నారు. కాగితం వైపు చూశాను. పన్నెండు టిక్కులూ ఉన్నాయి, సంతకం ఉంది. ఆ కాగితం ప్రకారం పని అయిపోయింది. సూది ఇచ్చిన ప్రతిసారీ ఖాళీ కప్పులో పెట్టి తీసి, తుడిచి ఇచ్చాను. చూసేవాళ్ళకు ముంచినట్టే ఉంటుంది. పన్నెండుసార్లు.

ఆ తర్వాత కమిటీ గదిలో నువ్వు లేచి నిలబడ్డావు. వాళ్ళు టెక్నీషియన్ సరిగ్గా ముంచాడో లేదో అంటుంటే అడ్డం వెళ్ళి, "ఓంకార్ ముంచాడు సార్. అతని సంతకానికి నాది పూచీ" అన్నావు. అని, అవునా అన్నట్టు నా వైపు తిరిగావు.

నేను తల ఊపాను.

ఓంకార్